మైక్‌సెట్‌కి మీ ఫోన్ కలిపే ముందు: ఎక్స్ఎస్‌పీఎఫ్ ప్లేలిస్ట్ ఫైల్ మీరే రాసుకోవడం ఎలా?

ఇంట్లో గానీ వీధిలో గానీ ఫోన్ల గురించి కాస్త తెలిసిన కుర్రాడు ఉంటే పాటలు పెట్టే డ్యూటీ అతనిదే. విజయవాడలో వినాయక చవితి పందిరైనా, గుడివాడ పక్క పల్లెలో పెళ్లైనా, తెనాలి వైపు రామాలయంలో తెల్లవారుజాము పాటలైనా "ఒరేయ్, నీ ఫోన్ కలపరా" అంటారు. ఎవరైనా పోయిన ఇంట్లో ఘంటసాల భగవద్గీత పెట్టాల్సి వచ్చినా పిలుపు వచ్చేది మీకే.

సమస్య కూడా అక్కడే మొదలవుతుంది. ఉచిత ప్లాన్‌లో ఉన్న మ్యూజిక్ యాప్ మధ్యలో యాడ్ వేస్తుంది. షఫుల్ ఆన్‌లో ఉంటే పదకొండో అధ్యాయం తర్వాత రెండోది వస్తుంది. అన్నిటికంటే ఘోరం, గీత అయిపోగానే ఆటోప్లే ఓ ఐటెం సాంగ్ అందుకుంటుంది. ఇంటి నిండా జనం, బయట శవం. ఆ పది సెకన్లు ఎవరూ మర్చిపోరు.

క్యాసెట్ రోజుల్లో ఈ భయం లేదు. ఏ సైడ్, బీ సైడ్‌లో రికార్డు చేసిన వరుసలోనే పాటలు వచ్చేవి, టేపు అయిపోతే ఆగిపోయేవి. ఆ భరోసాని మళ్లీ తెచ్చుకోవడానికి ఖరీదైన యాప్ ఏమీ అక్కర్లేదు. నోట్‌ప్యాడ్‌లో రాసే ఒక చిన్న టెక్స్ట్ ఫైల్ చాలు. దాని పేరే ఎక్స్ఎస్‌పీఎఫ్. ఈ ఆర్టికల్‌లో దాన్ని మొదటి లైన్ నుంచి రాసి చూద్దాం.

ఎక్స్ఎస్‌పీఎఫ్ అంటే ఏంటి?

ఎక్స్ఎంఎల్ షేరబుల్ ప్లేలిస్ట్ ఫార్మాట్‌కి పొట్టి పేరు ఇది. పలకడానికి వీలుగా 'స్పిఫ్' అంటారు. ఆగ్, ఫ్లాక్ లాంటి ఓపెన్ ఫార్మాట్లను చూసుకునే జిఫ్.ఆర్గ్ ఫౌండేషనే దీన్నీ ప్రచురించింది. ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. కంప్యూటర్‌లో వీఎల్‌సీ, క్లెమెంటైన్, స్ట్రాబెర్రీ, ఆడాషియస్ లాంటి ప్లేయర్లు దీన్ని చదువుతాయి. వీఎల్‌సీలో ప్లేలిస్ట్‌ని సేవ్ చేసేటప్పుడు కనిపించే ఫార్మాట్లలో ఇదీ ఒకటి.

ఒక విషయం ముందే క్లియర్‌గా ఉండాలి. ప్లేలిస్ట్ ఫైల్‌లో పాటలు ఉండవు, పాటల అడ్రస్‌లు, వాటి వివరాలు మాత్రమే ఉంటాయి. పెళ్లి భోజనాలకి వంటాయన రాసిచ్చే సరుకుల చీటీ లాంటిదన్నమాట. చీటీ జేబులో ఉన్నంత మాత్రాన బియ్యం ఇంటికి రావు. అందుకే ముప్పై పాటల ప్లేలిస్ట్ ఫైల్ కూడా కొన్ని కేబీలే ఉంటుంది.

ఎం3యూ ఉండగా ఇదెందుకు?

చాలామందికి తెలిసిన ప్లేలిస్ట్ ఫార్మాట్ ఎం3యూ. లైనుకో ఫైల్ పేరు రాస్తే సరిపోతుంది. సింపుల్‌గా ఉంటుంది, దాదాపు అన్ని ప్లేయర్లూ చదువుతాయి. కాకపోతే మామూలు ఎం3యూలో పాట పేరు, నిడివి తప్ప చెప్పుకోదగ్గ వివరాలకి చోటు లేదు. పాత ఎం3యూ ఫైళ్లలో తెలుగు అక్షరాలు పెడితే కొన్ని ప్లేయర్లు ప్రశ్నార్థకాలు చూపిస్తాయి. ఆ ఇబ్బంది తీర్చడానికే యూటీఎఫ్-8లో రాసే ఎం3యూ8 వచ్చింది.

ఎక్స్ఎస్‌పీఎఫ్‌లో అయితే పాడినవాళ్లు, ఆల్బమ్, ట్రాక్ నంబర్, నిడివి, బొమ్మ, మన సొంత వ్యాఖ్య... ప్రతిదానికీ విడిగా ట్యాగ్ ఉంది. ఎక్స్ఎంఎల్ కాబట్టి తెలుగు ఇబ్బంది పెట్టదు. విండోస్ మీడియా ప్లేయర్ వాడే డబ్ల్యూపీఎల్ కూడా ఎక్స్ఎంఎల్ తరహాదే, కానీ విండోస్ దాటితే దానికి అంత ఆదరణ లేదు.

ముందు ఫైళ్ల పేర్లు సరిచేయండి

ప్లేలిస్ట్ రాసే ముందే సగం పని ఇక్కడ ఉంది. మన మెమరీ కార్డుల్లో పాటలు ఎలా ఉంటాయో తెలిసిందేగా. 'ట్రాక్ 1', 'ట్రాక్ 2', 'కాపీ ఆఫ్ ట్రాక్ 2', మధ్యలో ఏదో వెబ్‌సైట్ పేరు.

తెనాలి దగ్గరి మోపర్రులో పుట్టిన ఎం.ఎస్. రామారావు పాడిన సుందరకాండనే తీసుకోండి. ఆయన్ని 'సుందరదాసు' అని పిలుచుకునేంతగా జనంలోకి వెళ్లిన గానం అది. కథ కాబట్టి భాగాలు వరుసగా రావాలి. కానీ ఫైళ్లకి 1, 2, 3... 10 అని పేర్లు పెడితే, పేరును అక్షరాల వరుసలో చూసే ప్లేయర్ 1 తర్వాత 10 వేస్తుంది, ఆ తర్వాతే 2. హనుమంతుడు సముద్రం దాటకముందే లంక తగలబడిపోతుంది!

దీనికి మందు చిన్నదే. 01, 02, 03 అని రెండంకెలు పెట్టండి. పేర్లన్నీ ఇంగ్లీష్ చిన్న అక్షరాల్లో రాసి, స్పేస్ బదులు చిన్న గీత వాడండి. పెద్ద అక్షరం, చిన్న అక్షరం ఒకటి కాదనుకునే సిస్టమ్‌లు ఉన్నాయి, లైనక్స్ అలాంటిదే. అన్నీ చిన్న అక్షరాలైతే ఆ తలనొప్పి ఉండదు. పాటలన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టి, ప్లేలిస్ట్ ఫైల్‌ని కూడా అక్కడే ఉంచండి. ఎందుకో కాసేపట్లో చెప్తాం.

ఇక ఫైల్ రాద్దాం

కింద నమూనాలో ట్యాగులను అందరికీ చదవడానికి వీలుగా తెలుగు లిపిలో ఇస్తున్నాం. మీరు ఫైల్‌లో టైప్ చేసేటప్పుడు ట్యాగులు, వాటి లోపలి మాటలు, ఫైల్ పేర్లు, వెబ్ అడ్రస్ అన్నీ ఇంగ్లీష్ అక్షరాల్లోనే ఉండాలి. టైటిల్, క్రియేటర్, ఆల్బమ్, అనోటేషన్ ట్యాగుల మధ్య ఉండే మాటలు మాత్రం హాయిగా తెలుగులోనే రాసుకోవచ్చు.

<?ఎక్స్ఎంఎల్ వెర్షన్="1.0" ఎన్‌కోడింగ్="యూటీఎఫ్-8"?>
<ప్లేలిస్ట్ వెర్షన్="1" ఎక్స్ఎంఎల్ఎన్ఎస్="హెచ్‌టీటీపీ://ఎక్స్ఎస్‌పీఎఫ్.ఆర్గ్/ఎన్ఎస్/0/">
  <టైటిల్>రామాలయం ఉదయం పాటలు</టైటిల్>
  <ట్రాక్‌లిస్ట్>
    <ట్రాక్>
      <లొకేషన్>01-సుందరకాండ.ఎంపీ3</లొకేషన్>
      <టైటిల్>సుందరకాండ, మొదటి భాగం</టైటిల్>
      <క్రియేటర్>ఎం.ఎస్. రామారావు</క్రియేటర్>
    </ట్రాక్>
    <ట్రాక్>
      <లొకేషన్>02-సుందరకాండ.ఎంపీ3</లొకేషన్>
      <టైటిల్>సుందరకాండ, రెండో భాగం</టైటిల్>
      <క్రియేటర్>ఎం.ఎస్. రామారావు</క్రియేటర్>
    </ట్రాక్>
  </ట్రాక్‌లిస్ట్>
</ప్లేలిస్ట్>

ఒక్కో లైన్ ఏం చేస్తుందో చూద్దాం.

మొదటి లైన్ ఇది ఎక్స్ఎంఎల్ ఫైల్ అని, అక్షరాలు యూటీఎఫ్-8లో ఉన్నాయని చెప్తుంది. దీనికి ముందు ఖాళీ లైన్ కూడా ఉండకూడదు. ఒక్క స్పేస్ ముందు పడినా ఎర్రర్ వస్తుంది.

రెండో లైన్‌లో ఉన్న వెబ్ అడ్రస్ చూసి నెట్ కావాలేమో అనుకోకండి. ప్లేయర్ అక్కడికి వెళ్లదు. 'ఇవి ఎక్స్ఎస్‌పీఎఫ్ ట్యాగులు' అని గుర్తుపట్టడానికి పెట్టే ముద్ర అది. చివరి స్లాష్‌తో సహా ఉన్నదున్నట్టు రాయాలి.

ట్రాక్‌లిస్ట్ లోపల ట్రాక్‌లు ఏ వరుసలో రాస్తే పాటలు ఆ వరుసలో వస్తాయి. రెండో పాటని ముందుకు తేవాలంటే ఆ ట్రాక్ ముక్క మొత్తం కట్ చేసి పైన పేస్ట్ చేయండి, అంతే.

ట్యాగ్ పేర్లలో పెద్ద, చిన్న అక్షరాల తేడా ఎక్స్ఎంఎల్‌కి చాలా ముఖ్యం. ట్రాక్‌లిస్ట్ అనే మాటని కలిపి రాసి, అందులో 'లిస్ట్' మొదటి అక్షరం ఎల్ మాత్రం క్యాపిటల్‌లో పెట్టాలి. పైన నమూనాలోని మిగతా ట్యాగులన్నీ పూర్తిగా చిన్న అక్షరాలే. తెరిచిన ప్రతి ట్యాగునీ మూయాలి. చివర తెరిచినదాన్ని ముందు మూయాలి, క్యారేజీ గిన్నెలు పైనుంచి వరుసగా తీసినట్టు.

ఫైల్‌ని సేవ్ చేసేటప్పుడు పేరు చివర చుక్క పెట్టి ఎక్స్ఎస్‌పీఎఫ్ అని రాయండి. నోట్‌ప్యాడ్‌లో అయితే ఫైల్ టైప్ దగ్గర 'ఆల్ ఫైల్స్' ఎంచుకోండి, లేకపోతే చివర టీఎక్స్‌టీ తగిలిస్తుంది. ఎన్‌కోడింగ్ యూటీఎఫ్-8 అని ఉందో లేదో చూసుకోండి. విండోస్ 10లో 1903 అప్‌డేట్ నుంచి నోట్‌ప్యాడ్‌కి అదే డిఫాల్ట్. అంతకంటే పాత సిస్టమ్ అయితే మీరే మార్చాలి.

లొకేషన్ దగ్గరే అందరూ తడబడేది

లొకేషన్ ట్యాగ్‌లో ఉండేది మామూలు ఫైల్ పేరు కాదు, వెబ్ అడ్రస్ నియమాలు పాటించే అడ్రస్. అందుకే కొన్ని షరతులు ఉన్నాయి.

ఒకటి, ఫోల్డర్ల మధ్య ముందుకు వాలిన స్లాష్ మాత్రమే వాడాలి. విండోస్‌లో కనిపించే వెనక్కి వాలిన స్లాష్ ఇక్కడ పనికిరాదు.

రెండు, పేరులో స్పేస్ ఉంటే దాని బదులు శాతం గుర్తు పెట్టి 20 అని రాయాలి. తెలుగు అక్షరాలైతే ఇంకా పెద్ద కథ. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు కోడ్‌కి మూడు బైట్లు పడతాయి. 'గీత' అనే మాటలో గ, గుడిదీర్ఘం, త అని మూడు కోడ్‌లు ఉన్నాయి కాబట్టి మొత్తం 9 బైట్లు. అడ్రస్‌లో ఒక్కో బైటూ శాతం గుర్తుతో కలిపి మూడు అక్షరాలు అవుతుంది. ఒక్క 'గ' రాయాలంటే %ఈ0%బీ0%97 అనాలి. అంటే రెండక్షరాల 'గీత' కాస్తా 27 అక్షరాల తోక! ఫైల్ పేర్లు ఇంగ్లీష్‌లో పెట్టమన్నది ఇందుకే. తెలుగు పేరు చూపించడానికి టైటిల్ ట్యాగ్ ఎలాగూ ఉంది.

మూడు, పూర్తి అడ్రస్ కాకుండా ఫైల్ పేరు మాత్రమే రాయండి. కంప్యూటర్ డ్రైవ్ అక్షరంతో మొదలయ్యే పూర్తి అడ్రస్ ఇస్తే, ఫోల్డర్‌ని పెన్‌డ్రైవ్‌లోకి మార్చగానే ఒక్క పాట కూడా దొరకదు. వీఎల్‌సీ తానే సేవ్ చేసిన ప్లేలిస్ట్‌ల్లో ఇలాంటి పూర్తి అడ్రస్‌లే ఉంటాయి. మనం చేత్తో రాయడంలో ఉన్న పెద్ద లాభం ఇదే. ఫైల్ పేరు మాత్రమే ఉంటే, ప్లేయర్ దాన్ని ప్లేలిస్ట్ ఫైల్ ఉన్న చోటు నుంచే వెతుకుతుంది. ఫోల్డర్ మొత్తాన్ని ఎక్కడికి తీసుకెళ్లినా పాటలు పలుకుతాయి. రెండిటినీ ఒకే ఫోల్డర్‌లో ఉంచమన్నది ఇందుకే.

ఇంకో జాగ్రత్త. ఆంపర్‌శాండ్ గుర్తుని ఎక్స్ఎంఎల్‌లో నేరుగా రాయకూడదు. 'ఘంటసాల & లీల' అని రాస్తే ఫైల్ మొత్తం చెడిపోతుంది. ఆ గుర్తు తర్వాత ఇంగ్లీష్‌లో ఏ, ఎం, పీ అనే మూడు చిన్న అక్షరాలు, చివర సెమీకోలన్ పెట్టాలి. అంతకన్నా సులువు, 'ఘంటసాల, లీల' అని కామాతో రాసుకోండి.

వివరాలు రాయండి, ఇదే అసలు సంపద

పాట కాపీ ఎక్కడైనా దొరుకుతుంది. ఆ పాట ఎవరు పాడారు, ఏ సినిమాలోది, ఎవరు బాణీ కట్టారు అన్నది మాత్రం చాలా ఇళ్లలో ఒక్క తాతయ్య గారికో అమ్మమ్మ గారికో మాత్రమే తెలుసు. ఆ వివరం చాలాసార్లు ఎంపీ3 ఫైల్‌లో ఉండదు. ఎక్స్ఎస్‌పీఎఫ్‌లో దానికి చోటుంది.

క్రియేటర్ ట్యాగ్‌తో మొదలుపెడదాం. విజయవాడలో పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారి దగ్గర సంగీతం నేర్చుకున్న గాయకుడి పేరు మన కార్డుల్లో 'బాలమురళి', 'ఎం. బాలమురళీకృష్ణ', 'మంగళంపల్లి' అని మూడు రకాలుగా ఉంటుంది. ప్లేయర్ దృష్టిలో వాళ్లు ముగ్గురు వేర్వేరు మనుషులు. ఏదో ఒక పేరు ఖాయం చేసుకుని అన్ని ట్రాక్‌లకీ అదే రాయండి.

తర్వాత ఆల్బమ్. సినిమా పాటకి సినిమా పేరు, విడుదలైన సంవత్సరం ఇక్కడ రాసుకోవచ్చు. 1948లో మొదలైన విజయవాడ ఆకాశవాణి కేంద్రం భక్తిరంజని పాటలు మీ దగ్గర ఉంటే, కార్యక్రమం పేరే ఆల్బమ్ అవుతుంది.

అన్నిటికంటే విలువైనది అనోటేషన్. ఇది మీ సొంత వ్యాఖ్యకి ఇచ్చిన జాగా. ఉదాహరణకి గుడివాడ దగ్గర చౌటపల్లిలో 1922 డిసెంబర్ 4న పుట్టిన ఘంటసాల పాటలతో ఆయన జయంతికి ప్లేలిస్ట్ చేస్తున్నారనుకోండి. అందులో 1957 నాటి 'మాయాబజార్'లోని పడవ పాట ఉంటుంది. టైటిల్స్‌లో సంగీత దర్శకుడు ఘంటసాలే. కానీ ఆ సినిమాకి ముందు సాలూరి రాజేశ్వరరావు పనిచేసి, కొన్ని పాటలకి బాణీలు కట్టి తప్పుకున్నారు. వాటిని రికార్డు చేసి, మిగతా సంగీతం పూర్తి చేసింది ఘంటసాల. 'సంగీతం: ఘంటసాల' అనే ఒక్క ముక్కలో ఈ కథ పట్టదు. అనోటేషన్‌లో రెండు వాక్యాలు రాస్తే పడుతుంది.

ఇంట్లో పెద్దవాళ్లని పక్కన కూర్చోబెట్టుకుని, ఒక్కో పాట వినిపిస్తూ వాళ్లు చెప్పింది టైప్ చేయండి. యాప్‌లో చేసిన ప్లేలిస్ట్ అకౌంట్‌తో పాటే పోవచ్చు. ఇది టెక్స్ట్ ఫైల్ కాబట్టి ఏ ప్లేయర్ లేకపోయినా నోట్‌ప్యాడ్‌లో తెరిచి చదువుకోవచ్చు.

నిడివి రాయాలనుకుంటే డ్యూరేషన్ ట్యాగ్ ఉంది. అందులో మిల్లీసెకన్లు రాయాలి. నాలుగున్నర నిమిషాల పాట అంటే 270 సెకన్లు, కాబట్టి 270000. తెలియకపోతే ఆ ట్యాగ్ వదిలేయండి, తప్పనిసరి కాదు.

ఒక గమనిక: కొన్ని ప్లేయర్లు పాట మొదలవగానే ఎంపీ3 లోపల ఉన్న ఐడీ3 ట్యాగ్ పేరునే తెర మీద చూపిస్తాయి. మీ ఫైల్ పాడైందని కంగారు పడకండి. మీరు రాసిన తెలుగు పేరు ప్లేలిస్ట్‌లో అలాగే ఉంటుంది.

టెస్ట్ చేయకుండా మైక్ దగ్గరికి వెళ్లొద్దు

ఫైల్‌కి ఒక కాపీ తీసి, దాని చివర ఎక్స్ఎంఎల్ అని పేరు మార్చి క్రోమ్‌లోనో ఫైర్‌ఫాక్స్‌లోనో తెరవండి. ట్యాగులు సరిగ్గా ఉంటే చెట్టులా కొమ్మలు కొమ్మలుగా కనిపిస్తుంది. ఎక్కడైనా ట్యాగ్ మూయకపోతే లైన్ నంబర్‌తో సహా ఎర్రర్ చూపిస్తుంది. ఫ్రీగా దొరికే బెస్ట్ చెకింగ్ ఇదే.

కానీ ఫైల్ పేర్లలో తప్పుని బ్రౌజర్ పట్టుకోలేదు. పైగా ఎక్స్ఎస్‌పీఎఫ్ నియమాల ప్రకారం ఒక పాట దొరక్కపోతే ప్లేయర్ ఆగకూడదు, తర్వాతి పాటకి వెళ్లిపోవాలి. మంచి నియమమే, మైక్ మూగబోదు. కానీ భగవద్గీతలో మూడో భాగం పేరు తప్పుగా టైప్ చేస్తే అది ఎగిరిపోయిన సంగతి మీకు తెలియదు, వింటున్న పెద్దాయనకి మాత్రం తెలుస్తుంది. అందుకే వీఎల్‌సీలో తెరిచి, 'నెక్స్ట్' నొక్కుతూ ప్రతి ట్రాక్‌నీ ఐదు సెకన్లు వినండి. తర్వాత అసలు వాడబోయే ఫోన్‌లో కూడా అదే పని చేయండి. చాలా ఫోన్ యాప్‌లు ఎం3యూ చదివి ఎక్స్ఎస్‌పీఎఫ్ చదవవు. అలాంటప్పుడు వీఎల్‌సీ ప్రయత్నించండి, లేదా అదే వరుసలో ఎం3యూ8 కూడా ఒకటి పక్కన పెట్టుకోండి.

పాత యాంప్లిఫయర్‌కి పెన్‌డ్రైవ్ గుచ్చుతున్నారా? అలాంటి వాటిలో చాలావరకు ప్లేలిస్ట్ ఫైళ్లని పట్టించుకోవు. కొన్ని ఫైల్ పేరు వరుసలో, మరికొన్ని మీరు కాపీ చేసిన వరుసలో పాడతాయి. 01, 02 అని పేర్లు పెట్టి, అదే వరుసలో ఒక్కోటిగా కాపీ చేస్తే రెండు రకాలకీ సరిపోతుంది.

చివరిగా ఒక చెక్‌లిస్ట్

షఫుల్, రిపీట్ సెట్టింగ్‌లకి ఎక్స్ఎస్‌పీఎఫ్‌లో ట్యాగులు లేవు. వరుస చెప్పడం ఫైల్ వంతు, పాటించడం ప్లేయర్ వంతు. కాబట్టి మైక్‌కి కలిపే ముందు ఇవి చూసుకోండి:

1. షఫుల్ ఆఫ్. రిపీట్ కావాలో వద్దో ముందే నిర్ణయించుకోండి.
2. ఫోన్ ఏరోప్లేన్ మోడ్‌లో పెట్టండి. బ్లూటూత్ స్పీకర్ అయితే ఆ తర్వాత బ్లూటూత్ ఒక్కటే ఆన్ చేయండి. మీ రింగ్‌టోన్ ఊరంతా వినక్కర్లేదు.
3. పాటలన్నీ ఫోన్‌లోనే ఉండాలి. నెట్ మీద ఆధారపడొద్దు.
4. ఒక ప్లేలిస్ట్‌కి ఒకే సందర్భం. గీతకి ఒకటి, పెళ్లికి ఒకటి, పందిరికి ఒకటి. కలపొద్దు.
5. ఫోల్డర్ మొత్తం పెన్‌డ్రైవ్‌లో ఇంకో కాపీ ఉంచండి.

ప్లేలిస్ట్ ఫైల్ చిన్నది కాబట్టి వాట్సాప్‌లో డాక్యుమెంట్‌గా పంపుకోవచ్చు. హైదరాబాద్‌లో ఉన్న అన్నయ్య దగ్గర అవే పాటలు అవే పేర్లతో ఉంటే అక్కడా అదే వరుసలో వస్తాయి. పాటలు లేకపోయినా ఏ పాట ఎవరిదో, అమ్మమ్మ దాని గురించి ఏం చెప్పిందో చదువుకోవచ్చు.

మొదటి ప్రయత్నంగా ఈ ఆదివారం ఐదే పాటలతో ఒక ఫైల్ రాసి, బ్రౌజర్‌లో చెక్ చేసి, వీఎల్‌సీలో మొదటి నుంచి చివరిదాకా వినండి. ఐదు పాటలు వరుస తప్పకుండా వచ్చి, చివర నిశ్శబ్దంగా ఆగిపోతే మీరు పాసైనట్టే.